ఎండు బోరుకు పోసిన బిందె

మొన్న ఆదివారం ఫోన్లో పెద్దపాప ఒక మాట చెప్పింది. పడుకునే ముందు గ్యాసు కట్టేసిందో లేదోనని మూడుసార్లు లేచి చూస్తుందట. చూసి వచ్చి కళ్ళు మూయగానే మళ్ళీ అనుమానమట. "ప్రార్థన చేసుకునే పడుకుంటానవ్వా. అయినా కాళ్ళు ఊరుకోవు. నువ్వెట్లా అంత నిమ్మళంగా ఉంటావు?" అని అడిగింది.

పెద్దదాన్ని కదా, వెంటనే పెద్దమాట చెప్పేశాను. భారం ప్రభువు మీద వేసి పడుకో తల్లీ అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. భారం దించానని నోటితో చెప్పి, మరునాడు పోయి మళ్ళీ నెత్తికెత్తుకున్న మనిషిని నేను. ఒకటి రెండు రోజులు కాదు, మూడేళ్ళు. ఆ సంగతి మీ అమ్మకు తెలుసు, మీ తాతకు తెలుసు. చిన్నపిల్లలు భయపడతారని మీకు చెప్పలేదు. ఇప్పుడు మీ అంతట మీరే భయపడే వయసుకు వచ్చారు. అందుకని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పినట్టు రాస్తున్నాను.

మన చేనికీ పక్క చేనికీ నడుమ రాళ్ళగట్టు ఉంది కదా. దాని అవతలికి పోవద్దని మిమ్మల్ని అరిచేదాన్ని. అవతల, తంగేడు పొదల పక్కన, ఒక ఎండు బోరు ఉంది. దాని నోరు జానెడే. లోపలికి చెయ్యి పెడితే మోచేతి దాకా చల్లగా తగిలేది. మధ్యాహ్నం పూట అది ఊపిరి వదులుతుంది. చుట్టుపక్కల ఆకు కదలకపోయినా, దాని నోట్లోంచి మాత్రం గాలి వస్తుంది. రాతివాసన వేసే గాలి. ఆగి ఆగి, దీర్ఘంగా.

ఆ బోరు అక్కడ ఉండటానికి కారణం నేనే.

నేను పుట్టింది టెంకాయతో నీళ్ళు చూసే ఇంట్లో. మా నాయన అరచేతిలో పిలక ఉన్న టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. నేల కింద నీళ్ళున్న చోట టెంకాయ దానంతట అదే నిలబడుతుంది. అక్కడ రాయి పెడతారు, అక్కడ బోరు వేస్తారు. నాయన పోయాక ఆ చెయ్యి నాకు వచ్చిందని అందరూ అన్నారు. కొన్ని చోట్ల నీళ్ళు పడ్డాయి కూడా. పెళ్ళయి, బాప్తిస్మం తీసుకున్నాక నేను టెంకాయ పట్టడం మానేశాను. ఎవరూ వద్దనలేదు. నాకే మనసు ఒప్పలేదు.

పక్క చేను వాళ్ళది వేరే నమ్మకం, మనది వేరే. అయినా ఆ చేనామె నన్ను అక్కా అనేది, చెనక్కాయలు పీకేటప్పుడు బదులుకు బదులు పనికి పోయేవాళ్ళం. రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేశాక ఒక రోజు ఆమె మన ఇంటి ముందుకు వచ్చి నిలబడింది.

"అక్కా, ఒక్కసారి నడిచి సూడక్కా. మీ దేవుడేమన్నా అంటే నా పేరు సెప్పు. నేను మాట్లాడుకుంటా ఆయనతో."

నవ్వొచ్చింది. నవ్వినాక కాదనలేకపోయాను.

పొద్దున ఎండ ముదరకముందే పోయాం. ఆమె, ఆమె మొగుడు, బోరు లారీ మాట్లాడి పెట్టిన ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు మీద కూర్చున్నారు. నేను తూర్పు నుంచి పడమరకు నడిచాను. టెంకాయ లేవలేదు. ఉత్తరం మూలకు పోయాను. లేవలేదు. అరచేయి చెమట పట్టింది. ఆమె మొగుడు సన్నటి మనిషి, ఎప్పుడూ నోట్లో ఒక ఎకసెక్కం ఉండేది.

"ఏమక్కా, టెంకాయ గూడా ఉపాసముండాదా ఏంది?" అన్నాడు. గట్టు మీద వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా చేతినే చూస్తోంది. అన్నం పెట్టేవాళ్ళ చేతిని ఆకలైన పిల్ల చూసినట్టు చూస్తోంది.

తంగేడు పొదల దగ్గరకు వచ్చేసరికి టెంకాయ నిలబడింది.

అందరూ లేచి వచ్చారు. రాయి పెట్టారు. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ చేతి బొటనవేలు అప్పటికీ టెంకాయ అడుగున ఉంది. టెంకాయను లేపింది నేల కింది నీళ్ళు కాదు. ఆ వేలు.

ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మోసం చేద్దామని పోలేదు. ఆ మొహం చూడలేక చేశాను. లేదూ, వాళ్ళ నవ్వు వినలేక చేశానేమో. ఆ రెంటిలో ఏది ఎక్కువో నాకు తెలియదు.

బోరు లారీ ఒక పగలూ రాత్రీ నడిచింది. నీళ్ళు కాదు కదా, తడిమన్ను కూడా రాలేదు. తెల్లటి రాతిదుమ్ము ఎగిసి చేనంతా పరుచుకుంది. ఆమె మొగుడు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. జుట్టు, కనుబొమ్మలు, మీసం అన్నీ తెల్లబడ్డాయి. నన్ను చూసి నవ్వినప్పుడు, అంత పడుచుమనిషి ముసలివాడిలా కనిపించాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది పంట లేక ఆయన తాడిపత్రి దిక్కు బండలు కోసే పనికి పోయాడు. అక్కడా రాతిదుమ్మే. నాలుగేళ్ళకు దగ్గుతో తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ విరిగిన పాలిష్ బండ ఒకటి తెచ్చాడు. ఒకవైపు గరుకు, ఒకవైపు అద్దం లాంటి నునుపు. మేకపిల్లలు కాలు పెడతాయని దాన్ని తన చేత్తోనే ఆ బోరు నోటికి మూత వేశాడు. ఆ ఎండాకాలమే పోయాడు. ఆఖరి రోజుల్లో నేను పోయి విసనకర్రతో విసిరేదాన్ని. ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నగా ఈల, బయటికి వచ్చేటప్పుడు దీర్ఘమైన గరగర. ఆ చప్పుడు నా చెవుల్లో నిలిచిపోయింది.

మట్టి చేసిన వారానికి, మిట్టమధ్యాహ్నం, మేకలను తోలుకురావడానికి చేనుకు పోయాను. గట్టు అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

ఆ ఈలే. ఆ గరగరే.

గట్టు ఎక్కి చూశాను. మనిషి లేడు. బోరు మీది బండ పక్కకు జరిగి ఉంది, నోరు తెరుచుకుని ఉంది. యేసయ్యా యేసయ్యా అనుకుంటూ బండను ఈడ్చి మూత వేశాను. వేసినా చప్పుడు ఆగలేదు. కీచుమంది. గొంతు పట్టుకుని నొక్కితే వచ్చే కీచు. మేకలను వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

మరునాడు పోయి చూస్తే బండ మళ్ళీ పక్కకు జరిగి ఉంది. మూశాను. ఆ మరునాడూ అంతే. నేను మధ్యాహ్నం మూసి వస్తాను. తెల్లారి చూస్తే తెరిచి ఉంటుంది. పక్కన దుమ్ములో ఈడ్చిన గీత ఉంటుంది. అడుగులు మేకల గిట్టల కింద కలిసిపోయి ఉంటాయి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే టెంకాయ సంగతీ చెప్పాలి.

పోయినవాళ్ళకు నీళ్ళు వదలడం నేను పుట్టిన ఇంటి అలవాటు. బాప్తిస్మం నా తలను తడిపింది గానీ, చేతులకు ఆ కబురు అందడానికి చాలాకాలం పట్టింది. ఒక రోజు నా చేతులు వాటంతట అవే ఒక బిందె నింపాయి. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ, కొంగు కప్పుకుని తీసుకుపోయి ఆ నోట్లో పోశాను. నీళ్ళు లోపలికి పోయాయి. అడుగున తగిలిన చప్పుడు వినబడుతుందని చెవి పెట్టాను. రాలేదు. ఎంతసేపు ఉన్నా రాలేదు. దానికి బదులు లోపలి నుంచి గాలి ఎగదన్ని, రెండు చుక్కలు నా మొహం మీద పడ్డాయి.

ఆ రోజు కీచు కొంచెం తగ్గినట్టు నాకు అనిపించింది. అంతే, పట్టుకుంది. రోజూ ఒక బిందె. పోయడం, మూయడం, తిరిగి చూడకుండా రావడం.

ఎండాకాలంలో మన ఊరికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. మీరప్పుడు బుడిబుడి అడుగులు వేసే పిల్లలు, మీ అమ్మానాయనలు మన ఇంట్లోనే ఉన్నారు. డ్రమ్ములో నీళ్ళు తగ్గిపోతుంటే మీ తాతకు కోపం వచ్చేది.

"ఏమ్మా, డ్రమ్ముకు సిల్లు పడిందా? యాడికి పోతాండాయి నీళ్ళు?"

"నేనేం తాగి కూసోలేదు మామా. పిల్లోల్లకు పోస్తాండా, వంటకు వాడతాండా, అంతే."

"మీ నాయన ఇంట్లో కాలువ పారతాందేమో. ఈడ పారదు."

మీ అమ్మ నోరు మూసుకునేది. పది రోజులకొకసారి తలస్నానం చేసేది, ఆ తరవాత పదిహేను రోజులకు పోయింది. జుట్టు అట్టలు కట్టింది. నేను అక్కడే రొట్టె తడుతూ ఉండేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. చూడండి, ఒక తప్పు కడుక్కుందామని పోసే నీళ్ళు రోజూ ఇంకో తప్పు చేయించేవి.

ఆదివారం గుడిలో అయ్యగారు విశ్రాంతి గురించి చెప్పేవారు. మన పనుల వల్ల వచ్చేది కాదు, కృప ఉచితం అని. నేను ముందు వరసలో కూర్చుని ఆమేన్ అనేదాన్ని. ఇంటికి వచ్చి, అన్నాలు వడ్డించి, బిందె ఎత్తుకునేదాన్ని. ఆదివారం కూడా ఆ బోరుకు సెలవు ఇవ్వలేదు. అందరూ నన్ను చూసి, ఈమె ఎంత నిదానస్తురాలు, ఎంత మెత్తగా మాట్లాడుతుంది అనుకునేవాళ్ళు. గట్టిగా మాట్లాడితే నా గొంతులోంచి ఆ కీచు వస్తుందేమోనని నాకు భయం. మెత్తదనం అంతా అదే.

ఆయన పోయాక మూడో ఎండాకాలం ఒక రోజు నాకు జ్వరం తగిలింది. మధ్యాహ్నం లేవలేకపోయాను. నాలుగు గంటలప్పుడు మెలకువ వచ్చింది. బిందె పోయలేదే అని లేచి నింపుకున్నాను. తూలుకుంటూ బయలుదేరాను.

గట్టు దగ్గరకు వచ్చాక ఆగిపోయాను. చప్పుడు లేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆ బోరు ఊపిరి తీయడం లేదు. ఊపిరి బిగబట్టి నా అడుగులు వింటున్నట్టుంది. గట్టు మీదుగా తొంగి చూశాను. బండ పక్కకు జరిగి ఉంది. బోరు పక్కన నేల మీద ఒక ఆడమనిషి బోర్లా పడుకుని ఉంది. జుట్టు విరబోసుకుని, చెవి ఆ నోటికి ఆనించి.

బిందె నా చేతిలోంచి జారి రాళ్ళ మీద పడింది. నీళ్ళు సగం పోయాయి. ఆమె తల ఎత్తింది. పక్క చేనామె.

"ఎవురూ? అక్కా, నువ్వా? నా ప్రాణం పాయ గదక్కా."

"నువ్వేం చేస్తాండావే ఈడ?"

"ఇంటాండా." కూర్చుని జుట్టు ముడివేసుకుంది. "రోజూ ఈ పొద్దుకు నిలబడిపోతాది. కొంచేపటికి మళ్ళా లోపలికి పీలుస్తాది. ఆయప్ప గూడా అట్లే గదా, పీల్చేముందు రవ్వంతసేపు ఆగేటోడు. ఆ ఆగడం ఇనాలని వస్తా."

"బండ తీసేది నువ్వేనా?"

"నేనే. రోజూ ఎవురో మూస్తాండారు పాపిష్టోల్లు. మూస్తే కీచుమంటాది, ఆయప్పకు గొంతు నొక్కినట్టుంటాది నాకు. పొద్దు వాలినాక వచ్చి తీస్తా." అని నా మొహం చూసింది. "నువ్వా మూసేది?"

తల ఊపాను. అంటే మూడేళ్ళు నన్ను తరిమిన ఆ కీచు నేను వేసిన మూతది. మూత లేకపోతే అక్కడ ఉన్నది ఊపిరి ఒక్కటే.

అప్పుడు ఇంక దాచలేకపోయాను. జ్వరం మీద ఉన్నాను. ఆమె ఎదురుగా కూలబడి చెప్పేశాను. ఆ రోజు టెంకాయ లేవలేదు, నా వేలితో లేపాను, నీ మొగుడు ఆ బండల పనికి పోవడానికి నేనే కారణం అని.

ఆమె బండ మీది దుమ్మును అరచేత్తో తుడిచింది. తరవాత అంది:

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నీ బొటనేలు నేను సూసినా. నీ సేతినే సూస్తాంటి గదా."

నేను ఆ వేలును గుప్పిట్లో దాచుకున్నాను.

"సూసి గూడా ఊరకుంటి. లేస్తే సాలు, ఎట్ల లేసినా సరే అనిపిచ్చ నాకు. ఆయప్పకు సెప్పింటే లారీని ఎనక్కి పంపిచ్చింటాడు. సెప్పలా. ఇంగ నిన్నేమని తిట్టాల?"

"నన్ను క్షమించే" అన్నాను.

"అంత పెద్ద మాటలు నాకు రావక్కా. అవి మీ గుడిలో మాటలు." పక్కన దొర్లిన బిందెను చూసింది. "ఇదేంది? నీళ్ళు ఎవురికి?"

చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, నవ్వాలో ఏడవాలో తెలియక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయప్ప దప్పికతో సావలేదక్కా. ఊపిరాడక సచ్చిపాయ. నీళ్ళెందుకు పోస్తాండావు? ఎత్తుకోని ఇంటికి పో. నీ కోడలు నీళ్ళకోసం పడే తిట్లు మా ఇంటిదాకా ఇనపడతాండాయి."

అని బిందె తీసి నా చంకన పెట్టింది. అంతే, పిల్లలూ. ఆకాశం తెరుచుకోలేదు. మూడేళ్ళు నేను తీర్చుకోవాలని చూసిన తప్పును, ఆమె మొదటి రోజే చూసి, పట్టుకోకుండా వదిలేసింది. ఆమెకు మన ప్రభువు పేరు సరిగ్గా పలకడం కూడా రాదు. కృప అనే మాటకు అర్థం నాకు ఆ చేతుల్లో కనబడింది.

మేమిద్దరం కూర్చుని ఉండగానే బోరు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి లోపలికి. మా కొంగుల చివరలు దానివైపు కదిలాయి.

ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ వాకిట్లో చెనక్కాయలు వలుస్తోంది. సగం బిందె ఆమె ముందు దించి, మీ తాత వింటుండగానే అంతా చెప్పాను. మీ తాత బీడీ ఆరిపోయినా వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మీ అమ్మ మాత్రం లేచి నిలబడింది. "మూడేండ్లా అత్తా? మూడేండ్లు నేను తిట్లు తింటాంటే రొట్టెలు తట్టుకుంటా కూసున్యావా?"

"అవునమ్మా."

"దేవుని బిడ్డవేనా నువ్వు?"

ఆమె ఇంట్లోకి పోయింది. ఇంక మాట్లాడదనుకున్నాను. కొంచెం సేపటికి సీకాయ గిన్నె, చెంబు పట్టుకుని వచ్చి నా కాళ్ళ ముందు తల వంచి కూర్చుంది.

"ఆ బిందె నా తలకు పొయ్యి" అంది. గొంతులో కోపం ఇంకా అట్లే ఉంది. "ఒక్క సుక్క నేల పాలు చేసినావంటే ఊరుకోను."

ఆ సగం బిందెతో అట్టలు కట్టిన ఆ జుట్టు రుద్దాను. నీళ్ళు తగిలిన చప్పుడు వినబడింది. మూడేళ్ళుగా ఆ చప్పుడు కోసమే కదా చెవి పెట్టాను.

మీ తాత మరునాడే వెల్డింగు ఆయనతో ఇనప జాలీ చేయించి బోరు నోటికి బిగించాడు. పిల్లలూ మేకలూ పడకుండా, గాలి ఆడేట్టు. బోరు లారీ మనుషులు చెప్పారట, లోతు బోర్లన్నీ అంతే, ఎండ ఎక్కేకొద్దీ గాలి వదులుతాయి, పొద్దు వాలాక పీలుస్తాయి అని. కావచ్చు. గాలేనని నాకూ తెలుసు. తెలిసినా కొన్ని మధ్యాహ్నాలు గట్టు దాటేటప్పుడు అది అచ్చం ఆ మనిషి ఊపిరే. అట్లాంటి రోజు నా చేతులు బిందె కోసం చూస్తాయి. పాత చేతులు కదా. వాటితో అంటాను, ఆ పని అయిపోయింది, ఎవరో ఎప్పుడో చేసేశారు, మీరు ఊరకుండండి అని. రోజూ చెప్పాలి. ఒకసారి చెబితే వినే చేతులు కావు ఇవి. నా నిమ్మళం ఇంతే తల్లీ, ఎవరికీ కనిపించేటంత పెద్దదేమీ కాదు.

గ్యాసు ఒకసారి చూడు. అది ఇల్లాలి జాగ్రత్త. రెండోసారి కాళ్ళు లేస్తే, వాటిని తిట్టకు. మంచం మీదే ఉంచి, నాలాగే మెల్లగా చెప్పు. వినకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే.

నిన్న నాలుగు గంటలకు పోయాను. ఆమె అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఆమె ఆయన కోసం వింటుంది, నేను నా ప్రార్థన చేసుకుంటాను. ఇద్దరం మాట్లాడుకోం. చెనక్కాయ పొట్టు ఒకటి జాలీ మీద పెట్టాను. అది లేవలేదు, లోపలికి పోలేదు. ఎంతసేపో తెలియదు, అక్కడే ఉంది. చేనంతా, మేకలతో సహా, నిశ్శబ్దంగా ఉంది. నా ఒడిలో రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

తరవాత పొట్టు వణికింది. మెల్లగా ఒక పక్కకు ఒరిగి, లోపలికి జారిపోయింది. చప్పుడు కోసం నేను చెవి పెట్టలేదు.

"పోదాం పా అక్కా" అంది ఆమె. లేచి వచ్చేశాం.